‘ఈమెకే సాధ్యమైతే...’ అనే యాడ్‌లో నటించాలా, వద్దా?

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్తే. నా వయసు 29. ఆరేళ్ల కిందట ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతింది. అప్పట్నుంచి వీల్‌చెయిర్ వాడుతున్నాను. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. నెల కిందట ఒక యాడ్ ఏజెన్సీవాళ్లు నా ఫోటో ఎక్కడో చూసి ఫోన్ చేశారు. ఒక బ్యాంకు యాప్ కోసం 60 సెకన్ల యాడ్ తీస్తున్నారట. రెండు రోజుల పనికి నా మూడు నెలల జీతమంత ఇస్తామన్నారు.

స్క్రిప్ట్ పంపారు. అందులో నా పాత్రకు పేరు లేదు, ‘దివ్యాంగ యువతి’ అని ఉంది. నేను బ్యాంకు మెట్ల ముందు ఆగిపోయి పైకి చూస్తూ ఉంటాను. కళ్లలో నీళ్లు. మెట్లెక్కుతున్న ఒక అబ్బాయి నన్ను చూసి వెనక్కి వస్తాడు. పక్కన కూర్చుని, నా ఫోన్ తీసుకుని, యాప్ ఎలా వాడాలో నేర్పిస్తాడు. నేను డబ్బు పంపగానే నవ్వుతాను. చివర్లో ఒక గొంతు వినిపిస్తుంది: ‘ఈమెకే సాధ్యమైతే, మీకెందుకు కాదు?’

రోజంతా లెక్కలు చూసే నాకు ఫోన్‌లో డబ్బు పంపడం ఎవరో నేర్పాలా అని ముందు నవ్వొచ్చింది. తర్వాత ఎందుకో రెండు రోజులు నిద్ర పట్టలేదు. నా కుర్చీ కూడా పనికిరాదన్నారు. ‘మరీ స్టైల్‌గా ఉంది, వీల్‌చెయిర్‌లా అనిపించడం లేదు, మేమే ఒకటి తెప్పిస్తాం’ అన్నారు.

అమ్మకు మాత్రం చాలా సంతోషంగా ఉంది. ‘నిన్ను చూసి పదిమందికి ధైర్యం వస్తుంది’ అంటోంది. అన్నయ్య, ‘అతిగా ఆలోచించకు, డబ్బు తీసుకో’ అంటున్నాడు. నేను కాదంటే నడవగలిగే నటిని ఎవరినో కుర్చీలో కూర్చోబెట్టి తీస్తారు. అది తలచుకున్నా బాధే. నేను ఎక్కువగా ఆలోచిస్తున్నానా? ఏం చేయమంటారు?

జవాబు:

మీ ఉత్తరం చదువుతూ నేను కళ్లనీళ్ల దగ్గర ఆగలేదు, ఆ కుర్చీ దగ్గర ఆగాను. ‘వీల్‌చెయిర్‌లా అనిపించడం లేదు’ అన్నారట! వాళ్ల మనసులో ఏముందో ఇంత నిజాయితీగా ఇంకెవరూ చెప్పలేరు. వాళ్లకు వీల్‌చెయిర్ అంటే ఆస్పత్రి వరండాలో గోడకు ఆనించి ఉంచే బరువైన కుర్చీ. వెనక రెండు పిడులు ఉంటాయి. అందరికీ ఒకటే కొలత కాబట్టి ఎవరికీ సరిగ్గా సరిపోదు. రోగిని ఒక గది నుంచి ఇంకో గదికి ఇంకెవరో తోసుకెళ్లడానికి చేసింది అది. మీరు వాడేది మీ నడుము వెడల్పు, మీ కాళ్ల పొడవు కొలిచి చేయించింది అయి ఉంటుంది. చక్రం మీద చెయ్యి వేసి మీరే నడుపుకుంటారు. మీ కుర్చీలో అయితే మీరు ‘వెళ్తారు’. వాళ్లు తెచ్చే దాంట్లో మిమ్మల్ని ‘తీసుకెళ్తారు’. వాళ్లు మారుస్తామంటున్నది కుర్చీనే కావచ్చు, కానీ దాంతోపాటు కథలో క్రియాపదం మారిపోతుంది.

ఇంకో సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. వెన్నుపాము దెబ్బతిన్నాక కింది భాగంలో స్పర్శ సరిగా ఉండదు. కొలతకు సరిపోని సీటులో గంటల తరబడి కూర్చుంటే ఒత్తిడికి పుండు పడుతున్నా తెలియదు. పడ్డాక మానడానికి వారాలు, ఒక్కోసారి నెలలు. 60 సెకన్ల యాడ్ అంటే వినడానికి చిన్నదే. షూటింగ్ రోజు మాత్రం పొద్దున్నుంచి రాత్రిదాకా లైట్ల కింద కూర్చోబెడతారు. అందుకని మిగతా అన్నిటి గురించీ మాట్లాడుకోవచ్చు గానీ, కుర్చీ విషయం మాత్రం బేరానికి పెట్టకండి. ‘నా కుర్చీ నా శరీరంలో భాగం, అది లేకుండా నేను రాను’ అని ముందే చెప్పేయండి.

ఇక ఆ చివరి వాక్యం. ‘ఈమెకే సాధ్యమైతే, మీకెందుకు కాదు?’ మీకు నిద్ర పట్టనివ్వనిది ఇదేననుకుంటాను. అందులోని ‘కే’ చూడండి. ఆ ఒక్క అక్షరం తీసేసి ‘ఈమెకు సాధ్యమైతే’ అనండి, మామూలు మాట అయిపోతుంది. ‘కే’ చేరిందంటే అర్థం ఏమిటి? అందరికంటే అడుగున ఉన్న మనిషికి కూడా వచ్చేసిందని. చూసేవాళ్లు మిమ్మల్ని చూసి సిగ్గుపడి, ఆ సిగ్గుతో యాప్ దించుకోవాలన్నమాట. మీరు అక్కడ కొలబద్ద. కొలబద్దతో ఎవరూ మాట్లాడరు కదా.

దీనికి ఒక పేరు కూడా స్థిరపడింది. స్టెల్లా యంగ్ అని ఆస్ట్రేలియాలో ఒక జర్నలిస్టు, హాస్యనటి ఉండేవారు. ఆమె కూడా వీల్‌చెయిర్ వాడేవారు. వికలాంగులను చూపించి మిగతావాళ్లు ఉత్తేజం పొందే ఇలాంటి చిత్రాలను ఆమె 2012లో ‘ఇన్‌స్పిరేషన్ పోర్న్’ అన్నారు. మాట ఘాటుగా ఉంది, కావాలనే అలా పెట్టారు. ఒకరి శరీరాన్ని వస్తువుగా చేసి, ఇంకొకరికి మంచి అనుభూతి కలిగించడమే ఇందులోనూ జరుగుతుందని ఆమె వాదన. 2014లో సిడ్నీలో ఇచ్చిన ప్రసంగంలో ఆమె అన్న మాట ఒకటి మీ స్క్రిప్ట్ కోసమే అన్నట్టుంది. మనసులో ధైర్యం ఉంటే చాలు అనేవాళ్లకు జవాబుగా, మెట్ల వరసను చూసి ఎంత నవ్వినా అది ర్యాంప్‌గా మారిపోదు అన్నారామె. ఆ ఏడాది డిసెంబరులోనే చనిపోయారు.

మీ కథలోనూ అంతే. మెట్లు కట్టింది బ్యాంకు. ఏడుస్తున్నది మీరు. పక్కన ర్యాంప్ ఎందుకు లేదని యాడ్‌లో ఒక్కరూ అడగరు. ఆ అబ్బాయి మంచివాడు, యాప్ మంచిది, మీరు పట్టుదల గలవారు, అందరూ మంచివాళ్లే. మెట్లు మాత్రం అక్కడే ఉంటాయి. బ్యాంకు తన తప్పును తానే చూపించుకుని, దాని మీద సానుభూతి సంపాదించుకోవడం ఎంత తెలివైన పనో!

ఇదంతా నేను ఒడ్డున కూర్చుని చెప్పడం లేదు. ఈ పేజీ రాయడానికి ముందు కొన్నేళ్లు నేను యాడ్‌లు రాసే పనిలోనే ఉన్నాను. ఒకసారి ఒక నగల కంపెనీ కోసం కథ రాశాను. చూపులేని అమ్మాయి తల్లి ముఖాన్ని వేళ్లతో తడిమి, చెవి పోగు తగిలి నవ్వుతుంది. అందరికీ నచ్చింది, నాకూ గర్వంగా ఉండింది. ప్రసారమయ్యాక చూపులేని ఒకాయన కార్డు రాశారు. ‘అమ్మా, నేను నలభై ఏళ్లుగా మా అమ్మను గొంతుతో గుర్తుపడుతున్నాను. మీ యాడ్ వచ్చిన దగ్గర్నుంచి ఎవరో ఒకరు నా చేతులు పట్టుకుని తమ ముఖానికి పెట్టుకుంటున్నారు’ అని. ఆ కథ రాసేముందు చూపులేని ఒక్క మనిషితోనైనా నేను మాట్లాడలేదు. మాట్లాడాలని తోచనే లేదు. మీకు స్క్రిప్ట్ పంపినవాళ్లూ చెడ్డవాళ్లు కాకపోవచ్చు, నాలాంటివాళ్లే అయి ఉండొచ్చు. అందుకే మీరు మాట్లాడితే ఫలితం ఉంటుందని నాకు ఆశ.

అసలు ఈ కళ్లనీళ్లు ఎక్కడినుంచి వచ్చాయి అంటే, విరాళాల నుంచి. తెరల మీద, పోస్టర్ల మీద వైకల్యం ఉన్న మనిషి చాలాకాలం చందాలు అడగడానికే కనిపించేవాడు. అమెరికాలో కండరాల వ్యాధి ఉన్న పిల్లల కోసం జెర్రీ లూయిస్ అనే హాస్యనటుడు 1966 నుంచి 2010 దాకా ఏటా టీవీలో గంటల తరబడి విరాళాల కార్యక్రమం నడిపాడు. 1990ల మొదట్లో దానికి ఎదురు తిరిగినవాళ్లలో చిన్నప్పుడు అవే పోస్టర్ల మీద బొమ్మలుగా ఉన్నవాళ్లూ ఉన్నారు. మమ్మల్ని జాలి వస్తువుల్ని చేశారని వాళ్ల కోపం. బ్రిటన్‌లోనూ ఐటీవీ చానల్ విరాళాల కార్యక్రమం ముందు 1990లో, 1992లో వికలాంగులు ధర్నా చేశారు. దానం కాదు, హక్కులు కావాలన్నది వాళ్ల నినాదం. 1992లో జరిగిందే ఆ కార్యక్రమంలో ఆఖరిది.

జాలి ఒక పక్క అయితే, రెండో పక్క భయం. 2000 సంవత్సరంలో నైకీ కంపెనీ కొండదారుల్లో పరుగెత్తే బూట్ల కోసం ఒక పత్రికా ప్రకటన వేసింది. ఈ బూట్లు లేకపోతే చెట్టుకు గుద్దుకుని, చొంగ కార్చుకుంటూ మోటారు వీల్‌చెయిర్‌లో తిరిగే మనిషిగా మిగిలిపోతానేమో అన్న అర్థంలో అందులో రాశారు. గొడవ అయ్యాక క్షమాపణ చెప్పి తీసేశారు. 2007 డిసెంబరులో న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన పిల్లల మానసిక వైద్య కేంద్రం ఇంకా ముందుకెళ్లింది. ‘మీ అబ్బాయి మా దగ్గర ఉన్నాడు’ అంటూ కిడ్నాపర్ రాసినట్టు ఉత్తరం, కింద సంతకం: ఆటిజం, అంటే ఇతరులతో మాటా మెలకువా వేరుగా ఉండే మెదడు ఎదుగుదల తీరు. పిల్లలకు తొందరగా చికిత్స చేయించండి అని చెప్పడానికట! ఆటిజం ఉన్నవాళ్లే సంతకాలు సేకరించి రెండు మూడు వారాల్లో దాన్ని దింపించారు.

మీ అన్నయ్య అడగొచ్చు, మరి గొప్పగా చూపిస్తే సరా అని. అదీ పూర్తిగా సరి కాదు. 2012 లండన్ పారాలింపిక్స్ అప్పుడు బ్రిటన్‌లోని చానల్ 4 క్రీడాకారులను ‘సూపర్‌హ్యూమన్స్’ అని ప్రచారం చేసింది. యాడ్‌గా అద్భుతంగా ఉంది. కానీ ఇంట్లో, ఆఫీసులో మామూలుగా బతికే వికలాంగులు చాలామంది, మేం మనుషులం అయితే చాలదా, మానవాతీతులం కూడా కావాలా అని విసుక్కున్నారు. 2016లో మళ్లీ అదే దారిలో వెళ్లినా, 2021 టోక్యో పోటీలకు వచ్చేసరికి ఆ చానలే ‘సూపర్’, ‘హ్యూమన్’ అని మధ్యలో చుక్క పెట్టి రెండు మాటలుగా విడగొట్టింది. దెబ్బలు, విసుగు, ఇంటి బాధ్యతలు చూపించింది. ఒక చుక్క పెట్టడానికి తొమ్మిదేళ్లు పట్టిందన్నమాట.

జాలి, భయం, పొగడ్త మూడింటిలోనూ ఒకటి గమనించండి. ఏ యాడ్ అయినా చూసేవాళ్లకు ఏదో ఒకటి అమ్మడానికే వస్తుంది. సబ్బు యాడ్‌లో సబ్బుతో ముఖం కడుక్కునే అమ్మాయి ఎవరు? ఆ సబ్బు కొనే మనిషికి ప్రతినిధి. వైకల్యం ఉన్న మనిషి కనిపించినప్పుడు మాత్రం ఆ మనిషి కొనే మనిషి కాదు. కొనేవాళ్లకు పాఠం. మామూలుగా మనం ‘వీళ్లు అన్నీ మనకు అంటగడతారు’ అని యాడ్‌లవాళ్లను తిట్టుకుంటాం. మీ విషయంలో నాకు తలకిందులుగా అనిపిస్తోంది. మీకు ఏదైనా అంటగట్టాలని చూశారంటే అదే గౌరవం. స్క్రిప్ట్ పట్టుకుని ఒకటే అడగండి: ఈ యాప్ నాలాంటి మనిషి వాడాలని ఈ యాడ్ కోరుకుంటోందా, లేక నన్ను చూసి ఇంకెవరో వాడాలని కోరుకుంటోందా?

కొనే మనిషిగా చూపించిన యాడ్‌లూ లేకపోలేదు. 1984లో లీవైస్ జీన్స్ టీవీ యాడ్‌లో మిగతా కుర్రకారుతో పాటు వీల్‌చెయిర్‌లో ఒక యువకుడు కనిపించాడు. ఎవరూ అతన్ని ఓదార్చలేదు. అతనూ జీన్స్ వేసుకున్నాడు, అంతే. 2016లో మాల్టీజర్స్ అనే చాక్లెట్ల యాడ్‌లు బ్రిటన్‌లో పారాలింపిక్స్ ప్రారంభం రోజున మొదలయ్యాయి. ఒకదాంట్లో వీల్‌చెయిర్ వాడే అమ్మాయి, పెళ్లిలో డాన్స్ చేస్తూ పెళ్లికూతురి కాలి మీదుగా చక్రం పోనిచ్చిన సంగతి స్నేహితురాళ్లకు చెబుతుంది. ఇంకోదాంట్లో ఒకమ్మాయి తన వినికిడి పరికరాన్ని కుక్క మింగేసిన కథ సైగల భాషలో చెబుతుంది. వికలాంగులతో మాట్లాడి, వాళ్ల నిజమైన అనుభవాల నుంచే ఆ కథలు తీసుకున్నారు. ఎవరూ ఏడవరు, ఎవరూ గెలవరు, అందరూ చాక్లెట్లు తింటారు.

హాస్యం అనగానే కంపెనీలవాళ్లు భయపడతారు, అందుకే ఏడుపుకు మొగ్గుతారు. 2024 జులైలో భారత సుప్రీంకోర్టు ఒక సినిమా కేసులో దీని గురించి స్పష్టంగా చెప్పింది. వైకల్యాన్ని కించపరిచే హాస్యం వేరు, వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు అని. మీరు మీ ఉత్తరంలో ‘లెక్కలు చూసే నాకు నేర్పాలా’ అని రాశారే, ఆ ఒక్క ముక్కలో స్క్రిప్ట్ మొత్తం కంటే ఎక్కువ ప్రాణం ఉంది.

అందరూ మెచ్చుకున్న ఒక యాడ్ మీద నాకు ఇప్పటికీ రెండు మనసులు. 2013లో గిన్నెస్ అనే బీర్ కంపెనీది. వీల్‌చెయిర్లలో కొంతమంది మగవాళ్లు హోరాహోరీగా బాస్కెట్‌బాల్ ఆడుతుంటారు. ఆట అయ్యాక ఒక్కడు తప్ప అందరూ లేచి నడిచిపోతారు. స్నేహితుడి కోసం వాళ్లూ కుర్చీల్లో ఆడారన్నమాట. మొదటిసారి చూసి నేను కళ్లు తుడుచుకున్నాను. రెండోసారి చూస్తే, ఆ కథ అతని గురించి కాదు, లేచి నిలబడినవాళ్ల మంచితనం గురించి అనిపించింది. అయినా అతను కుర్చీలో కూర్చుని ఆడతాడు, చెమట కారుస్తాడు, తర్వాత అందరితో కలిసి బీర్ తాగడానికి వెళ్తాడు. మీ స్క్రిప్ట్‌తో పోలిస్తే ఎంతో నయం. అన్నీ మంచీ చెడూ అని రెండు డబ్బాల్లో ఇమడవు, మీరూ అలా ఇమడ్చక్కర్లేదు.

‘కే’కి సూటిగా జవాబు చెప్పింది 2024లో ఇటలీలోని కోర్‌డౌన్ అనే సంస్థ. డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో ఒక క్రోమోజోమ్ ఎక్కువగా ఉండే స్థితి) ఉన్న కెనడా నటి మాడిసన్ టెవ్లిన్ అందులో నేరుగా మనకేసి చూసి మాట్లాడుతుంది. నేను తాగలేననుకుంటారు కాబట్టి నాకు పోయరు, పోయరు కాబట్టి నేను తాగను అంటుంది బార్‌లో. టీచరుతోనూ, కోచ్‌తోనూ అలాగే. చివరికి, నాకు వచ్చని అనుకుని చూడండి, అప్పుడేం జరుగుతుందో అంటుంది. అక్కడ తడబడేది ఎదుటివాళ్లు, ఆమె కాదు.

ఇలాంటివి ఎంత అరుదో తెలియాలంటే ఒక లెక్క చెబుతాను, మీరు లెక్కల మనిషి కదా. ప్రపంచంలో 130 కోట్లమందికి, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2021 ఫిబ్రవరిలో అమెరికా టీవీల్లో ముఖ్యమైన వేళల్లో వచ్చిన దాదాపు 4,50,000 యాడ్‌లను, టీవీ ప్రేక్షకుల లెక్కలు తీసే నీల్సన్ సంస్థ పరిశీలిస్తే, వైకల్యం ఏ రకంగానైనా కనిపించినవి 1 శాతమే. వాటికి పెట్టిన ఖర్చులోనూ దాదాపు సగం మందులు, చికిత్సలు, పరికరాల యాడ్‌లదే. ఫోన్, బట్టలు, బ్యాంకు ఖాతా కొనే మనిషిగా మీరు తెర మీద దాదాపు లేనట్టే. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 8వ అధికరణం వీటి గురించే. మూస అభిప్రాయాలను పోగొట్టాలని, వికలాంగులను హక్కులకు తగినట్టు చూపించేలా మీడియాను ప్రోత్సహించాలని ప్రభుత్వాలకు చెబుతుంది.

‘దివ్యాంగ’ అన్న మాట గురించి కూడా రెండు ముక్కలు. 2015 చివర్లో భారత ప్రధాని సూచించాక ఈ మాట ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కింది. దివ్యత్వం వద్దు, దారి చాలు అని అప్పుడే వికలాంగుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఇష్టంగా వాడుకునేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో నాకు తగువు లేదు. కానీ మీ స్క్రిప్ట్‌లో ఆ మాట పేరు ఉండాల్సిన చోట ఉంది. అబ్బాయి పాత్రకు పేరుందా? ఉంటే మీకూ ఉండాలి.

సరే, ఏం చేయాలి? వెంటనే కాదనకండి. ‘మీరు కాదంటే నడిచే నటిని పెడతారు’ అన్న భయం వెనక మీ బలం కూడా ఉంది. వైకల్యం ఉన్న నటులు దొరకడం లేదండీ అని ఏజెన్సీలు ఎప్పుడూ చెప్పే సాకు. వాళ్లకు మీరు దొరికారు. నడవగలిగిన నటిని కుర్చీలో కూర్చోబెడితే ఈ రోజుల్లో విమర్శలు వస్తాయని వాళ్లకూ తెలుసు, అందుకే మూడు నెలల జీతమంత ఇస్తామంటున్నారు. కాబట్టి ఒకసారి కూర్చుని మాట్లాడదాం అనండి.

మాట్లాడేటప్పుడు ఫిర్యాదులా మొదలుపెట్టకండి. కథ మార్చి చూపించండి. ఉదాహరణకు, మీరు ఆఫీసులో మీ కుర్చీలో పని చేసుకుంటూ ఉంటారు. ఆ అబ్బాయే డబ్బు పంపడం రాక తంటాలు పడుతుంటే ఫోన్ లాక్కుని మీరు నేర్పిస్తారు. లేదా అసలు వైకల్యం ఊసే లేకుండా, ముగ్గురు నలుగురు స్నేహితుల్లో మీరొకరు, బిల్లు పంచుకునే దగ్గర వాదించేది మీరు. మెట్లు పెట్టి తీరాలంటే, పక్కన ర్యాంప్ కూడా పెట్టమనండి. నిజంగా వాళ్ల శాఖల్లో ర్యాంప్‌లు లేకపోతే, ఉన్నట్టు చూపించడం ఇంకో అబద్ధం అవుతుంది, ఆ సంగతీ అడగండి. చివరి వాక్యంలో ‘కే’ పోవాలి. అది ఉంటే మీరు ఉండరు.

తర్వాత యాప్ సంగతి. చూపులేనివాళ్లు ఫోన్‌లో స్క్రీన్ రీడర్ వాడతారు, అది తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపిస్తుంది. యాప్ తయారుచేసినవాళ్లు బటన్లకు సరిగా పేర్లు పెట్టకపోతే అది ‘బటన్, బటన్, బటన్’ అని మాత్రమే చదువుతుంది. డబ్బు పంపే బటన్ ఏదో, రద్దు చేసే బటన్ ఏదో తెలియదు. చూపులేని స్నేహితులెవరైనా ఉంటే ఒకసారి ఆ యాప్ తెరిచి చూడమనండి. పని చేయకపోతే, వికలాంగులకు వరం అని చెప్పే యాడ్‌లో మీ ముఖం ఉంటుంది, జాగ్రత్త. సరుకు సంగతి చూసుకున్నవాళ్లు లేకపోలేదు. హెర్బల్ ఎస్సెన్సెస్ షాంపూ సీసా మీద నిలువు గీతలు, కండిషనర్ సీసా మీద చుక్కలు ఉబ్బెత్తుగా పెట్టారు, స్నానం చేసేటప్పుడు తడిమి తెలుసుకోవడానికి. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలోనే పనిచేసే చూపులేని ఉద్యోగిని చొరవ అది. యాడ్‌కు క్యాప్షన్లు ఉంటాయా అని కూడా అడగండి. వైకల్యం గురించిన యాడ్ వినపడనివాళ్లకు అర్థం కాకపోతే ఎలా?

ఒప్పందం కాగితం మీదికి వచ్చినప్పుడు మొహమాటపడకండి. మిగతా నటులకు ఎంత ఇస్తున్నారో మీకూ అంత ఇవ్వాలి, ఎన్నాళ్లు ఎక్కడెక్కడ చూపిస్తారో రాయాలి, మీరు ఒప్పుకున్న స్క్రిప్ట్ కాగితానికి జతపరచాలి, మీకు చెప్పకుండా మార్చకూడదు. విరామాల్లో మీరు అలిసిపోయి కూర్చున్నప్పుడు తీసిన దృశ్యాలు వాడకూడదని కూడా రాయించండి. ఇది నేను పనిచేసిన రోజుల్లో చూసిన సంగతి: కట్ చెప్పాక కూడా కెమెరా తిరుగుతూనే ఉంటుంది, ఎడిటింగ్‌లో ఆ ముఖానికి ఏడుపు సంగీతం కలుపుతారు. మీ ప్రమాదం కథ చెప్పమంటే, అది మీ ఇష్టం. నటించడానికి పిలిచినవాళ్లకు దాన్ని అడిగే హక్కు లేదు. షూటింగ్ జరిగే చోట మీరు వాడగలిగిన టాయిలెట్ ఉందో లేదో కూడా ముందే తేల్చుకోండి. పన్నెండు గంటలు నీళ్లు తాగకుండా కూర్చోవడం మీకు మంచిది కాదు.

వాళ్లు దేనికీ ఒప్పుకోకపోతే వదిలేయండి. ఒకవేళ వాళ్లు కొంత ఒప్పుకుని కొంత ఒప్పుకోక, మీకు డబ్బు నిజంగా అవసరమై చేశారనుకోండి, అప్పుడు కూడా మీ మీద మీరు కత్తి దూసుకోకండి. నచ్చని సబ్బు పట్టుకుని నవ్విన మోడల్‌ను మనం నిలదీయం. వికలాంగులందరి గౌరవం మీ భుజాల మీదే ఉందని ఎవరైనా అంటే, అదీ ‘కే’ లాంటి బరువే. అయితే కుర్చీ మాత్రం మీదే ఉండాలి, అది ఆరోగ్యం సంగతి.

అమ్మగారి మాట తీసిపారేయాలని నాకు లేదు. ఆరేళ్ల కిందట ఆవిడ ఆస్పత్రిలో ఎన్ని రాత్రులు కూర్చున్నారో. పదిమందికి ధైర్యం వస్తుందన్నారు కదా, ఆ పదిమంది ఎవరు అని మెల్లగా అడగండి. ఈ రోజు ఎక్కడో ఒక ఆస్పత్రి మంచం మీద, మీకు అప్పట్లో జరిగినట్టే జరిగి పడుకున్న అమ్మాయి ఆ పదిమందిలో ఉంటుంది. గోడమీది టీవీలో ఆ అమ్మాయి ఏం చూస్తే బాగుంటుంది? ఆ మొదటి సంవత్సరంలో మీకు ఊపిరి పోసింది ఎవరో, ఏ దృశ్యమో గుర్తు చేసుకోండి. మెట్ల ముందు ఎవరో ఏడవడం చూసి మాత్రం కాదనుకుంటాను. అదే అమ్మగారికి చెప్పండి. యాడ్‌ల గురించి నేను చెప్పినవన్నీ ఆవిడకు అక్కర్లేదు.

మాట్లాడటానికి వాళ్ల ఆఫీసుకు రమ్మంటే, బయల్దేరే ముందు ఫోన్ చేసి మెట్లున్నాయా, లిఫ్ట్ ఉందా అని అడగండి. మెట్లే ఉన్నాయంటే వాళ్లనే కిందికి దిగి రమ్మనండి. వచ్చేటప్పుడు స్క్రిప్ట్ కూడా తెచ్చుకోమనండి.